నేలమీద విమానమునకు జరుగు ఉపచారములు

విజయవాడనుండి ఏలూరు పోవు రహదారిమీద గన్నవరము సమీపించునప్పుడు బస్సులోని పిల్లలందరు ఒక ప్రక్క కిటికీలకు చేరుదురు. విమానాశ్రయము రహదారికి ఆనుకొనియే యున్నది. కోరవలె మొగము సాచి దిగు పెద్ద విమానమేదైన కనబడునేమోయని వారి ఆశ. ఒక్కొక్కప్పుడు ఆ పెద్ద విమానములకు ఎడముగా, ఆవరణలో ఒక మూల, ఆరుగురో ఎనిమిదిమందియో పట్టు చిన్న విమానమొకటి నిలిచియుండును. దానిని ఎవరును అంతగా పట్టించుకొనరు. కాని విజ్ఞానశాస్త్రము చదువువారికి పెద్ద విమానముకంటె ఈ చిన్నదానివద్దనే చూడదగినది ఎక్కువగా నున్నది.

పెద్ద విమానము ఒక కంపెనీకి చెందినది. దానికి కాలపట్టిక కలదు. అది దిగు ప్రతి ఊరిలోను దాని రాకకై ఆ కంపెనీవారో, వారు నియమించినవారో కాచుకొనియుందురు. చిన్న విమానము సంగతి అట్లు కాదు. అది ఒక రోగిని ఆసుపత్రికి చేర్చుటకు రావచ్చును. ఒక మంత్రినో, ఒక వ్యాపారినో దించుటకు రావచ్చును. ఈ ఊరికి అది మరల ఎన్నడు వచ్చునో ఎవరికిని తెలియదు. విమానచోదకుడు ఆ ఏప్రనుమీద పరాయివాడు. అతనికి ఇంధనము ఇచ్చువారు, గాలి ఎటు వీచుచున్నదో చెప్పువారు, రాత్రికి విమానమును కట్టి కాపాడువారు, అందరును అప్పుడే పరిచయమైనవారు. వారి పనిలో ఏ చిన్న లోపమున్నను అది నేలమీద బయటపడదు, ఆకాశమున బయటపడును.

ఇట్టి విమానములకు సేవచేయు సంస్థలను ఇంగ్లీషులో ఫిక్స్‌డ్ బేస్ ఆపరేటరు అందురు. అనగా ఒక చోట స్థిరముగా నిలిచి పనిచేయువాడని అర్థము. ఈ పేరు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట వేడుకగా నుండును. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలో అనేకులు మిగిలిపోయిన విమానములను చవుకగా కొని, ఊరూర తిరుగుచు, పొలములలో దిగి, గారడీలు చేసి డబ్బు సంపాదించెడివారు. మన పల్లెలకు వచ్చు దొమ్మరివారివలె వారికి ఒక నెలవు లేదు. 1926లో అక్కడ విమాన వాణిజ్య చట్టము వచ్చి, చోదకులకు లైసెన్సులును, యంత్రములకు పరీక్షలును విధించెను. అప్పుడు కొందరు ఆ తిరుగుడు మాని, ఒక్కొక్క విమానక్షేత్రమున స్థిరపడి, ఇంధనము అమ్ముటకును మరమ్మతులు చేయుటకును పూనుకొనిరి. తిరుగువారినుండి వేరుచేయుటకు వీరికి ‘స్థిరముగా నున్నవారు’ అను పేరు వచ్చెను.

మన దేశమున ఇట్టి విమానముల కొరకే ప్రత్యేకించిన మొదటి టెర్మినల్ 2020 సెప్టెంబరులో ఢిల్లీలో తెరువబడెను. హైదరాబాదునకు శంషాబాదులో క్రొత్త విమానాశ్రయము 2008 మార్చిలో ఏర్పడినప్పటినుండి పాత బేగంపేట క్షేత్రము ప్రముఖుల విమానములకును, అద్దె విమానములకును, సైనిక శిక్షణకును ఉపయోగపడుచున్నది. గన్నవరము చరిత్ర వేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది సైనిక స్థావరము. తరువాత పౌర విమానములకు ఇయ్యబడెను. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ కంపెనీ హైదరాబాదునుండి ప్రతిదినము ఒక విమానమును నడుపసాగెను. 2017లో దీనికి అంతర్జాతీయ హోదా లభించెను. నేడు దీని రన్వే పొడవు 3,360 మీటర్లు. క్షేత్రము సముద్రమట్టమునకు 25 మీటర్ల ఎత్తున మాత్రమే యున్నది. మచిలీపట్నము ఇక్కడికి తిన్నగా 50 కిలోమీటర్లకు కొంచెము పైన. తీరమునకు అంత దూరమున్నను చుట్టును కాలువలు, వరిమళ్లు, చేపల చెరువులు ఉండుటచే ఇచటి గాలి సముద్రతీరపు గాలివలెనే తేమతో బరువెక్కియుండునని చాలమంది అనుకొందురు. తేమ మాట నిజము. బరువెక్కుట నిజము కాదు. ఆ సంగతి ముందు వచ్చును.

విమానము రన్వేను వదలి ఏప్రనుమీదికి వచ్చునప్పుడు ఒకడు చేతులలో రంగు బద్దలు పట్టుకొని దాని ఎదుట నిలుచును. యంత్రపు హోరులో మాట వినబడదు గనుక చేతి సంజ్ఞలతోనే దారి చూపును. ఈ సంజ్ఞలు ప్రపంచమంతట ఒక్కటే. కనుక ఏ భాష మాటలాడు చోదకుడైనను గన్నవరములో తడబడనక్కరలేదు. విమానము నిలిచిన తోడనే చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టుదురు. వీనిని చాక్సు అందురు. ఎద్దుబండి దిగిన రైతు చక్రమునకు రాయి అడ్డుపెట్టుటకును దీనికిని భేదము లేదు. తరువాత అవసరమైనచో బయటి విద్యుద్యంత్రమును తగిలింతురు. చిన్న విమానములకు 28 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలును. పెద్దవానికి సెకనుకు 400 ఆవర్తనములుగల ప్రత్యావర్తి విద్యుత్తు కావలెను. మన ఇండ్లలో ఆవర్తనములు 50 మాత్రమే. ఆవర్తనములు హెచ్చినకొలది ట్రాన్స్‌ఫార్మరులోని ఇనుము తగ్గించుకొనవచ్చును. విమానములో ప్రతి కిలోగ్రామునకును లెక్కయున్నది.

ఇంతవరకు జరిగినది సులభమైన పని. అసలు పని ఇంధనముతో ప్రారంభమగును.

1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి మొదటి తపాలా విమానమును నడిపెను. త్రోవలో అహమ్మదాబాదున దిగినప్పుడు ఆయన విమానమునకు పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చెను. ఆ తపాలా బొంబాయినుండి బళ్లారి మీదుగా మద్రాసు చేరెను. ఆ కాలపు వైమానికులు పెట్రోలును మెత్తని షామీ తోలుగుండ వడగట్టి తొట్టిలో పోసెడివారు. పెట్రోలుతో తడిసిన ఆ తోలు పెట్రోలును పోనిచ్చును గాని నీటిని పోనియ్యదు. ఎద్దుబండి పోయి బౌజరు అను ఇంధనపు లారీ వచ్చినది. తోలు పోయి గాజునూలు పొరలు వచ్చినవి. కాని శత్రువు మాత్రము ఆనాడును ఈనాడును ఒక్కటే, నీరు.

నీరు ఇంధనములోనికి ఎట్లు వచ్చును? వాన కురిసి పడనక్కరలేదు. సగము ఖాళీగానున్న తొట్టిని తీసికొనుడు. పైభాగమున గాలి యున్నది. డెల్టాలో వానాకాలపు సాయంకాలమున 30 డిగ్రీల ఉష్ణోగ్రతలో గాలి తేమతో నిండియున్నచో ఒక ఘనమీటరు గాలిలో 30 గ్రాముల నీటియావిరి యుండును. రాత్రి ఆ తొట్టి 20 డిగ్రీలకు చల్లబడినదనుకొందము. 20 డిగ్రీలవద్ద అదే గాలి 17 గ్రాములు మాత్రమే పట్టుకొనగలదు. మిగిలిన 13 గ్రాములు తొట్టి గోడలమీద చెమర్చి అడుగునకు జారును. మరునాడు వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోవును. రాత్రికి మరల తడిగాలి లోనికి వచ్చును. ఊపిరి తీసినట్లు రోజునకు ఒకమారు ఇట్లు జరుగుచుండును. ఇందుచేతనే రాత్రి నిలుచు చిన్న విమానపు తొట్టిని, బరువు అడ్డురానిచో, నిండుగా నింపి ఉంచుదురు. ఖాళీ లేనిచోట తడిగాలికి తావు లేదు.

ఇక జెట్ యంత్రములకును, టర్బోప్రాపులకును వాడునది జెట్ ఏ-1. ఇది మిక్కిలి శుద్ధిచేసిన కిరోసినే. పిస్టన్ యంత్రములకు వాడునది విమాన పెట్రోలు. పొరపడకుండుటకై మన దేశమున దొరకు సాధారణపు విమాన పెట్రోలునకు నీలిరంగు కలుపుదురు. జెట్ ఇంధనము నీటివలెనో, లేత గడ్డిరంగుతోనో యుండును. ఒకదాని బదులు మరియొకటి పోసినచో విమానము పైకి లేచిన కొద్దిసేపటికే యంత్రము ఆగవచ్చును. జెట్ ఇంధనపు గొట్టపు మూతిని బాతుముక్కువలె వెడల్పుగా చేయుటకు కారణమిదియే. అది పెట్రోలు తొట్టి రంధ్రములో దూరదు.

నీటిని విడదీయుటలో పెట్రోలుకంటె కిరోసిను మొండిది. నీరు కిరోసినుకంటె బరువైనదగుటచే అడుగునకు దిగవలసినదే. కాని ఎంత వేగముగా దిగును? స్టోక్సు సూత్రము ప్రకారము బిందువు దిగు వేగము మూడింటిపై ఆధారపడును: బిందువు వ్యాసపు వర్గము, రెండు ద్రవముల సాంద్రతల భేదము, పైద్రవపు స్నిగ్ధత. కిరోసిను సాంద్రత సుమారు 0.80, పెట్రోలుది సుమారు 0.72. కనుక కిరోసినులో భేదము తక్కువ. పైగా స్నిగ్ధత ఎక్కువ. పెట్రోలు తొట్టిలో అడుగు లోతునకు పావుగంట నిలువనిచ్చిన చాలునని, జెట్ ఇంధనమునకు గంట కావలెనని పనివారి లెక్క. ఈ లెక్క సూత్రముతో ఎట్లు సరిపోవుచున్నదో ఉన్నత పాఠశాల విద్యార్థులు వేసి చూడవచ్చును.

దీనిని తరగతిలో చూపుట తేలిక. చిన్న గాజుసీసాలో మూడు వంతులు కిరోసిను పోసి, సిరా కలిపిన నీరు నాలుగు చుక్కలు వేసి, మూతబిగించి గట్టిగా కుదుపవలెను. దగ్గర దీపము గాని అగ్గి గాని ఉండరాదు. కిరోసిను మబ్బు పట్టినట్లగును. సీసాను కదలకుండ ఉంచినచో మొదట పెద్ద చుక్కలు దిగును. చిన్నవి దిగుటకు చాలసేపు పట్టును. వ్యాసపు వర్గము అనుమాట కంటికి కనబడును. విమానాశ్రయములో బౌజరువాడు చేయు మొదటి పరీక్షయు ఇదియే. తొట్టి అడుగునుండి గాజుకూజాలోనికి ఇంధనము తీసి, సుడి తిరుగునట్లు త్రిప్పి, వెలుతురునకు పట్టి చూచును. మబ్బు లేకుండ తళతళలాడవలెను. కంటికి అందని నీటికొరకు మరియొక పరీక్ష కలదు. పసుపురంగు కాగితమున్న చిన్న బిళ్లగుండ ఇంధనమును సిరంజితో లాగుదురు. పది లక్షల భాగములకు సుమారు 30 భాగములు విడినీరున్నను కాగితము రంగు మారి ఆకుపచ్చదనము చూపును.

నాలుగు చుక్కల నీటికి ఇంత గొడవ యెందుకు? పదకొండు కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి సున్నకు 56 డిగ్రీలు దిగువను ఉండును. జెట్ ఏ-1 ఇంధనము సున్నకు 47 డిగ్రీల దిగువవరకు గడ్డకట్టదు; కాని నీరు సున్నవద్దనే గడ్డకట్టును. 2008 జనవరి 17వ తేదీన బీజింగునుండి లండను చేరిన ఒక బోయింగు 777 విమానము రన్వేకు కొంచెము ముందే నేలను తాకెను. ఇంధనములో సహజముగా ఉండు కొద్దిపాటి నీరే మంచుగా పేరుకొని, ఇంధనమును వేడిచేయు పరికరపు మూతికి అడ్డుపడినదని విచారణలో తేలెను. అదృష్టవశమున ఎవ్వరును మరణింపలేదు. పెద్ద విమానములలో అట్టి వేడిచేయు పరికరమైనను ఉన్నది. చిన్న జెట్లలో కొన్నింటికి అది చాలదు. వానికి నీరు గడ్డకట్టకుండ చేయు ఒక రసాయనమును వెయ్యింటికి ఒకటి, ఒకటిన్నర వంతున ఇంధనములో కలుపవలెను. మీ విమానమునకు ఆ మందు కావలెనా అని బౌజరువాడు చోదకుని అడుగకపోయినను, చోదకుడు చెప్పుట మరచినను ఆ లోపమును పట్టుకొను మూడవవాడు లేడు.

నీటికి మరియొక దుర్గుణము కలదు. ఇంధనమును నీరును కలియు అంచున ఒకరకపు బూజు పెరుగును. కిరోసినును ఆహారముగా తిని, నీటిలో నివసించుట దాని పద్ధతి. మన డెల్టా వంటి వేడి, తడి ప్రదేశములు దానికి పుట్టినిల్లు. అది జిగటగా పెరిగి వడపోతలను మూయును, తొట్టి లోహమును తినివేయును. నీరు తీసివేసినచో బూజును లేదు.

తీరప్రాంతమున ఇంధనమునకు కలుగు ప్రమాదమును తెలిసికొనుటకు ఇండోనేషియాలోని సురబాయ నగరపు ఉదంతమును మించినది లేదు. అదియు సముద్రపు టొడ్డుననున్న విమానాశ్రయమే. అక్కడ భూమిలోని ఇంధనపు గొట్టములను పొడిగించు పని జరుగునప్పుడు వానిలోనికి ఉప్పునీరు చేరెను. గొట్టములను సరిగా కడుగకుండ పనిలో పెట్టిరి. ఇంధనము పోయు బండిలో నీటిని పట్టుటకు ఒక విధమైన వడపోత యుండెను. పసిపిల్లల డయపర్లలో నీటిని పీల్చు పొడి యుండునుగదా, ఇందులోనిదియు అట్టిదే. మంచినీరు తగిలినచో ఆ పొడి ఉబ్బి గొట్టమును మూసివేయును, ఇంధనము ఆగిపోవును, ప్రమాదము తప్పును. కాని ఉప్పునీరు తగిలినప్పుడు అది అంతగా ఉబ్బదు. ఉప్పునీటిలో వేసిన ఎండుద్రాక్ష ఎట్లు సరిగా ఉబ్బదో అట్లే. ఇంధనమును ఆపలేకపోయిన ఆ పొడి సన్నని గుండ్లుగా మారి ఇంధనముతోపాటు విమానములోనికి పోయెను.

2010 ఏప్రిల్ 13వ తేదీన 322 మందితో హాంకాంగునకు బయలుదేరిన ఎయిర్‌బస్ ఏ-330 విమానమునకు త్రోవలో యంత్రములు రెండును చెప్పినమాట వినకపోయెను. ఇంధనపు కవాటములలో ఆ గుండ్లు ఇరుకుకొనెను. ఒక యంత్రము అధిక వేగమువద్దను, రెండవది అల్ప వేగమువద్దను బిగిసిపోయెను. సాధారణముగా గంటకు 250 కిలోమీటర్ల వేగముతో దిగు విమానము సుమారు 430 కిలోమీటర్ల వేగముతో రన్వేను తాకెను. విమానము ఆగినది. జారుడుబల్లలమీదుగా అందరును బయటపడిరి; యాభైమందికి పైగా గాయపడిరి గాని ఒక్కరును మరణింపలేదు. ఈ సంఘటన తరువాత అట్టి వడపోతలను ప్రపంచమంతట తొలగించుటకు నిశ్చయించిరి. నీటిని పట్టుకొను సాధనమే యంత్రములను పట్టివేసినది! వడపోత యున్నదిగదా అని గాజుకూజాను మానరాదని పనివారు అనుటలో ఎంత నిజమున్నదో ఈ ఉదంతము చూపుచున్నది.

ఇంధనము పోయుటకు ముందు బౌజరునుండి విమానపు లోహభాగమునకు ఒక రాగితీగను తగిలింతురు. కిరోసిను వడపోతలగుండ వేగముగా పారునప్పుడు రాపిడివలన స్థిర విద్యుత్తు పుట్టును. తీగ లేనిచో బండికిని విమానమునకును నడుమ నిప్పురవ్వ పుట్టవచ్చును. తీగ మొదట తగిలించి, చివర తీయవలెను. క్రమము తప్పరాదు.

ఎంత ఇంధనము పోయవలెననునది మరియొక చిక్కు. బౌజరులోని మీటరు లీటర్లలో చెప్పును; చోదకునికి కావలసినది కిలోగ్రాములలో. లీటరు జెట్ ఇంధనము సుమారు 0.8 కిలోగ్రాము తూగును. వెయ్యి కిలోగ్రాములు కావలెననిన 1,250 లీటర్లు పోయవలెను. వెయ్యి లీటర్లు పోసి వెయ్యి కిలోగ్రాములని వ్రాసినచో ఐదవ వంతు తక్కువ. ఇట్టి తప్పు ఎవరు చేయుదురని అనుకొనరాదు. 1983 జులై 23న కెనడాలో ఒక పెద్ద బోయింగు 767 విమానమునకు కిలోగ్రాములకు బదులు పౌనుల గుణకముతో లెక్కవేసి సగమునకు తక్కువ ఇంధనము పోసిరి. నడి ఆకాశమున యంత్రములు రెండును ఆగిపోయి, ఆ విమానము గిమ్లీయను ఊరివద్ద మూతబడిన క్షేత్రమున గాలిలో తేలుచు వచ్చి దిగెను. ప్రాణములు దక్కినవి. ప్రమాణము వ్రాయని సమాధానమునకు ఉపాధ్యాయులు మార్కులు తగ్గించుట అన్యాయమని తలంచు విద్యార్థులకు ఈ కథ చెప్పదగినది.

ఇంధనము నిండినది. ఇక విమానము ఎగురగలదా? మే నెలలో విజయవాడ ఎండను ఎరిగినవారికి ఈ ప్రశ్న వింతగా తోచదు. రెక్కపై కలుగు ఉత్థాపన బలము గాలి సాంద్రతపై ఆధారపడును. ప్రామాణిక వాతావరణములో, 15 డిగ్రీలవద్ద, సముద్రమట్టమున ఘనమీటరు గాలి 1.225 కిలోగ్రాములు తూగును. అదే పీడనమున 42 డిగ్రీలవద్ద అది 1.12 కిలోగ్రాములే. అనగా వందకు సుమారు తొమ్మిది తక్కువ. ఇంత పలుచని గాలి ప్రామాణిక వాతావరణములో 900 మీటర్లకు పైని ఎత్తున ఉండును. కనుక ఆ మిట్టమధ్యాహ్నము విమానము గన్నవరములో నిలిచియున్నను, దాని రెక్కలకును యంత్రములకును అరకులోయలో నున్నట్లే యుండును.

తేమ దీనిని ఇంకను పెంచును. తడిగాలి బరువైనదనునది పొరపాటు. పొడిగాలి సగటు అణుభారము 29, నీటియావిరిది 18. పీడనము మారనప్పుడు ఆవిరి ప్రవేశించినంత మేరకు బరువైన అణువులు తొలగిపోవును. అందుచే తడిగాలి తేలిక. ఉక్కపోత దినమున ఇందువలన సాంద్రత వందకు ఇంకొక వంతు తగ్గును. చెమట ఆరకపోవుటచే మనకు గాలి బరువుగా తోచుచున్నది. విమానమునకు అట్లు తోచదు.

గాలి తొమ్మిది వంతులు పలుచనైనచో రన్వేమీద పరుగు ఎంత పెరుగును? లేచుటకు కావలసిన వేగపు వర్గము సాంద్రతకు విలోమానుపాతములో ఉండును. యంత్రపు త్రోపుడును ఇంచుమించు సాంద్రతతోపాటు తగ్గును. కావున పరుగు స్థూలముగా సాంద్రతవర్గమునకు విలోమముగా పెరుగును: వందకు ఇరువది హెచ్చు. 3,360 మీటర్ల రన్వే ఉన్నప్పుడు చిన్న విమానమునకు ఈ ఇరువది పెద్ద బాధ కాదు. పాఠశాల మైదానమున హెలిపాడు గీసి దించిన హెలికాప్టరునకు మాత్రము ఇది పెద్ద బాధయే. దానికి పరుగెత్తుటకు చోటు లేదు, బరువు తగ్గించుకొనవలెను. ఎన్నికల సభలు ఎక్కువగా వేసవిలోనే జరుగుచుండుటవలన ‘ఒకరు దిగవలెను’ అని చోదకుడు చెప్పవలసిన సందర్భములు కలుగును. చెప్పవలసినవాడు చిన్నవాడు, వినవలసినవారు పెద్దవారు అగుటయే ఇందులోని కష్టము.

వేసవిలో వేడి, పుష్యమాఘములలో పొగమంచు. ఆకాశము నిర్మలముగా నుండి గాలి వీచని రాత్రులందు నేల తన వేడిని పైకి వెడలించి చల్లబడును. నేలను తాకిన తడిగాలియు చల్లబడి సన్నని బిందువులుగా మారును. కాలువలును, తడిమళ్లును ఉన్న డెల్టాలో దీనికి లోటులేదు. కనబడు దూరము కిలోమీటరునకు తగ్గినచో దానిని పొగమంచు అందురు. కంటితో నేలను చూచుచు విమానము నడుపుటకు సాధారణముగా 5 కిలోమీటర్ల దూరము కనబడవలెను. గన్నవరము వంటి క్షేత్రమున వాతావరణ పరిశీలకులు గాలి, దృశ్యత, మబ్బులు, ఉష్ణోగ్రత, పీడనములను ఎప్పటికప్పుడు కొలిచి సంకేత భాషలో పంపుచుందురు. ఆ సంకేతములో గన్నవరము పేరు వి-ఓ-బి-జడ్. మొదటి అక్షరము మన ప్రాంతమునకును, రెండవది దక్షిణ భారతమునకును గుర్తు. పీడనము తెలిపుటయు ఊరక కాదు. విమానములోని ఎత్తుకొలత యంత్రము నిజమునకు ఒక బారోమీటరు. ఒక మిల్లీబారు భేదము 8 మీటర్లకు పైగా ఎత్తునకు సమానము. పీడనము పది మిల్లీబారులు తగ్గినను ముల్లును సరిదిద్దుకొననిచో, విమానము నిజముగా నున్నదానికంటె 80 మీటర్లు పైనున్నట్లు చూపును. కొండపల్లి కొండలు దగ్గరనున్న చోట ఆ 80 మీటర్లు లెక్కలోనివి.

విమానాశ్రయము లేనిచోట ఈ సమాచారము ఇచ్చువారు ఎవరు? 2002 మార్చి 3వ తేదీ ఉదయము లోక్‌సభ స్పీకరు జి. ఎం. సి. బాలయోగి భీమవరమునుండి హైదరాబాదునకు ఒక ప్రైవేటు హెలికాప్టరులో బయలుదేరెను. అది బెల్ 206 రకపుది. దృశ్యత సరిగా లేదు. కైకలూరు దగ్గర కొవ్వాడలంకవద్ద ఆ హెలికాప్టరు ఒక చేపల చెరువులో కూలి, ఆయనయు, అంగరక్షకుడును, చోదకుడును, ముగ్గురును మరణించిరి. గన్నవరము అక్కడికి ఆకాశమార్గమున కొద్ది నిమిషముల దూరమే. మంచులో తెల్లని ఆకాశమును తెల్లని చెరువునీరును ఒక్కటిగా కలిసిపోవునప్పుడు క్షితిజరేఖ కనబడదు. నీటిమట్టము ఎక్కడనున్నదో కన్ను చెప్పలేదు. కొల్లేటి చుట్టుప్రక్కల చెరువుగట్టుమీద శీతకాలపు ఉదయమున నిలిచి చూచినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. అట్టి ఉదయమున గంటసేపు ఆగుమని చెప్పగల మనిషి ఒకడు నేలమీద ఉండుట, ఆ మాట వినుట, ఇవి రెండును ఇంధనముకంటె తక్కువ సేవలు కావు.

చివరిది తుపాను. రెక్కపై బలము గాలివేగపు వర్గమును అనుసరించి పెరుగును. గాలి కదలని విమానముపై వీచినను, విమానము కదలని గాలిలో పరుగెత్తినను రెక్కకు ఒక్కటే. శిక్షణకు విరివిగా వాడు సెస్నా 172 విమానము గంటకు 90 కిలోమీటర్ల వేగమువద్ద గాలిలో నిలువగలదు. మన వాతావరణశాఖవారు గంటకు 89 కిలోమీటర్లు మొదలు 117 వరకు గాలి వీచు తుపానును తీవ్ర తుపాను అందురు. కనుక తీవ్ర తుపానులో ఆ విమానము చోదకుడు లేకుండనే ఎగురుటకు సిద్ధముగా నుండును! నేలమీద నిలిచినప్పుడు రెక్క వాలు తక్కువగుటచే పూర్తి బలము రాకపోవచ్చును. అయినను బరువులో సగము తేలినచో చక్రములకు పట్టు తప్పును; ఆపై ఒక్క విసురు చాలును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను వంటిది వచ్చుచున్నదని ముందుగా తెలిసినచో చేయదగిన పని విమానమును మరియొక ఊరికి తీసికొనిపోవుటయే. అది వీలుకానప్పుడు షెడ్డులో పెట్టుదురు. షెడ్డు లేనిచో మొగమును గాలివైపు త్రిప్పి, రెక్కలను తోకను నేలలోని ఇనుప కొంకులకు తాళ్లతో కట్టుదురు. రెక్కలపై ఇసుకబస్తాలు పరచుటయు కలదు; గాలి ప్రవాహమును చెడగొట్టినచో ఉత్థాపనము పుట్టదు. తొట్లు నిండుగా నింపినచో బరువును పెరుగును, పైన చెప్పిన తడిగాలి బాధయు తప్పును.

తుపాను వెలిసిన మరునాడు తాళ్లు విప్పకముందే రెక్క క్రింద చిన్న కవాటమును నొక్కి, గాజుగొట్టములోనికి కొంత ఇంధనమును తీసి వెలుతురునకు ఎత్తి చూతురు. అడుగున గుండ్రని బుడగవలె ఏదైన కదలినచో అది నీరు. దానిని పారబోసి మరల తీయుదురు. కనబడకపోవువరకు తీయుచునే యుందురు. ప్రయాణికులు ఎంత తొందరపెట్టినను సరే.